నీ బదులు నేను వెళ్ళిన మ్యూజియం

రహీమక్కా,

నువ్వు పోయి ఏడాదైంది. నీ సోషల్ క్లాసులు ఇప్పుడు నేనే చెబుతున్నాను. పోయిన వారం నాగార్జునకొండ మ్యూజియంలో టీచర్లకు ట్రైనింగంటే, నువ్వు వెళ్ళాల్సిన చోటికి నన్ను పంపారు.

లాంచీలో వెళ్ళాం. అక్కడి ఆఫీసరమ్మ మమ్మల్ని ఒక శిల్పం ముందు నేలమీద కూర్చోబెట్టి, "ఇది ఏ కాలందో చెప్పొద్దు. ఏం కనిపిస్తోందో చెప్పండి" అంది. అందరం మెడలు సాచి చూశాం. చివరికి మాచవరం మాస్టారు, "ఈ శిల్పంలో ఆమె మోచేతిదాకా గాజులేసుకుంది. ఇంటిపని ఎట్టా చేసేదో ఏందో!" అన్నాడు. నవ్వులే నవ్వులు. ఆ తర్వాత ఎవరినీ ఆపడం ఆఫీసరమ్మ వల్ల కాలేదు. నువ్వుంటే చానా సంబరపడేదానివి.

వచ్చాక మీ అమ్మనడిగి మీ పాత తిరగలి బడికి తెచ్చాను. ఆరో తరగతి పిల్లలు చుట్టూ మూగారు.

"పిడి పైనా కిందా అరిగింది టీచర్. ఇద్దరు కలిసి తిప్పి ఉంటారు" అంది షమీమ్. ఎప్పుడూ నోరు తెరవని పిల్ల!

"తిప్పేటప్పుడు ఏం మాట్లాడుకుని ఉంటారు?" అన్నాను. ఇక చూడు గోల!

పక్క క్లాసు లెక్కల మాస్టారు బెత్తంతో వచ్చాడు.

"ఏందమ్మా ఈ గోల?"

"మీకేం కనిపిస్తోందో మీరూ చెప్పండి సార్" అన్నాను.

ఆయన బెత్తం బల్లమీద పెట్టి, కళ్ళజోడు సర్దుకుని, పిల్లల మధ్యన గొంతుక్కూర్చున్నాడు.

నీ సుగుణ