నలుగురం పట్టే గది

2003 మే, మంగళవారం రాత్రి

ఆయన బెంగళూరులో గది తీసుకున్నారట, నన్ను తీసుకెళ్ళడానికి వచ్చారు. మొగుడు వదిలేసిన వాళ్ళక్క, ఆమె కూతురు చిన్ని ఇక్కడే ఉండిపోవాలి. ఇన్నాళ్ళూ వదిన కూలికి పోతే నేను, నేను పోతే వదిన చిన్నిని చూసుకున్నాం. అది ఇద్దరినీ అమ్మా అనే పిలుస్తుంది.

మిద్దె మీద చుక్కలు చేతికందేలా ఉన్నాయి. గాలికి మా మాటలన్నీ కలలో మాటల్లా వినిపించాయి.

"మొగుని దగ్గరుంటేనే సంసారమంటారు. పోమే, మాకేమైతాది?" అంది వదిన.

"గది ఇద్దరికే సరిపోతాది" అన్నారాయన.

"నలుగురం పట్టే గది చూడు. అంతవరకూ నేను ఈడనే ఉంటా."

ఆ మాట అన్నది నేనేనా?

"ఓయబ్బా, నీకు మాటలొస్తాయా!" అని ఆయన నవ్వారు. రేపేమంటారో... ఇప్పుడైతే చాప లాక్కుని, చిన్నికి అవతలి పక్క పడుకున్నారు. నిద్రలో అది ఆయన వేలు పట్టుకుంది.