మధ్యాహ్నం పూట చూసిన స్థలం

ఫిల్మ్‌నగర్,
కార్తీక సోమవారం.

చి. శారదకు అక్క దీవెనలు.

తెనాలిలో అందరూ కులాసాగా ఉన్నారనుకుంటాను. అత్తయ్యగారి మోకాలి నొప్పి తగ్గిందా? ఇక్కడ చలి మొదలైంది. నేను బాగానే ఉన్నాను. వేళకు వండుకుని తింటున్నాను, దిగులు పడకు.

నా పని నీకు తెలుసుగా, వ్యాపారాల్లో ఇబ్బందులు చూసి సలహా రాసివ్వడం. డబ్బింగ్ స్టూడియో నడిపే మూర్తిగారు కార్లు నిలపడానికి చోటు లేదన్నారు. మా కాలనీ సొసైటీకి ఒక స్థలం ఉంది. మధ్యాహ్నం మూడింటికి వెళ్లి చూశాను. ఒక కుక్క పడుకుని ఉంది, అంతే. ‘వాడకంలో లేదు, అద్దెకు అడగవచ్చు’ అని రాసిచ్చాను. ఆయన సొసైటీకి దరఖాస్తు పెట్టారు. సొసైటీ కమిటీలో నేనూ ఉన్నాను కనుక, పక్షపాతమనే మాట రాకూడదని ఓటు వేయకుండా కూర్చుంటే చాలనుకున్నాను.

పోయిన సోమవారం తెల్లవారుజామున గుడిలో దీపం పెట్టడానికి బయలుదేరాను. ఆ స్థలం నిండా ఆడవాళ్లు. జూనియర్ ఆర్టిస్టులు. షూటింగ్ వ్యాను అక్కడికే వస్తుందట, అక్కడ కనబడకపోతే ఆ రోజుకు పని లేనట్టే. గోడవారన ఒకామె చీర మార్చుకుంటుంటే ఇద్దరు అడ్డం నిలబడ్డారు. ఏడింటికల్లా అందరూ వెళ్లిపోతారు.

వాళ్లలో పెద్దావిడ యాదమ్మ. మూర్తిగారి దరఖాస్తు గురించి గోడకు అంటించిన సొసైటీ నోటీసు చూపించింది.

“గీ జాగ ఖాళీగుందని ఎవరో రాసిచ్చిండ్రంట అక్కా. రాసినోళ్లు పొద్దెక్కినంక లేస్తరు గావొచ్చు.”

అందరూ నవ్వారు. నేనే రాశానని చెప్పాను. నవ్వులు ఆగిపోయాయి. ఆవిడ నా వైపు తిరిగింది.

“అట్లయితే నువ్వే పోయి చెప్పక్కా. మేం చెప్తే ఎవరింటరు?”

గుడిలో దీపం పెట్టాను గానీ, ఏమీ కోరుకోలేకపోయాను.

నిన్న మీటింగులో మూర్తిగారు నా మాటలే చదివి వినిపించారు. లేచి, అది నా తప్పు, చూడవలసిన వేళకు చూడలేదని చెప్పాను. ఆ వాక్యం కొట్టేసి పక్కన సంతకం చేశాను. బయటికి వచ్చాక ఆయన “మీరు మా మనిషి అనుకున్నానండీ” అన్నారు. కోపంగా కాదు. అదే బాధగా ఉంది. ఇక ఆయన పని నాకు రాదు. ఫరవాలేదు, ఇల్లు గడుస్తుంది.

కమిటీ నిర్ణయం తనకే వదలడంతో, ఈ తెల్లవారుజామున సొసైటీ అధ్యక్షులుగారు శాలువా కప్పుకుని వచ్చారు. వ్యాను కదిలేదాకా నిలబడి చూసి, దరఖాస్తు తిరస్కరిస్తున్నట్టు అక్కడే రాసేశారు.

ఒక చిన్న పని చెయ్యి. అమ్మ ముతక దుప్పట్లు నీ దగ్గర ఉన్నాయి కదా, రెండు పంపు. గోడవారన చాటు కట్టాలి. యాదమ్మ అప్పుడే తాడు కట్టి ఉంచింది.

అత్తయ్యగారికి నా నమస్కారాలు, నాకోసం ఒక దీవెన అడిగి రాయి. మరిదిగారిని అడిగానని చెప్పు. ఆ శివయ్య మిమ్మల్ని చల్లగా చూడాలి.

మీ మేలు కోరే
పెద్దక్క