ఖాళీ కుర్చీ బరువు

ఎలక్ట్రానిక్స్ పరిశోధన సంస్థలో చిన్న వ్యాపారాల విభాగం అధికారి గారికి సీట్ల దుకాణం పెద్దాయన రాయునది.

మీ ఉత్తరం అందింది. అందులో మాది చిన్న వ్యాపారం అన్నారు. మీ సంస్థ కట్టిన కొత్తలో పెద్ద హాలు కుర్చీలన్నిటికీ సీట్లు కుట్టింది ఎవరనుకున్నారు? నేనూ, మా తమ్ముడూ. వేళ్ళు వాచిపోయేలా కుట్టాం. అప్పుడు చిన్న అనిపించలేదేం?

ప్రారంభోత్సవానికి మాకు కార్డు పంపారు. ఒక్కటే! కార్డుకి ఒక్కరే రావాలని దాని మీద అచ్చు కూడా వేశారు. కుట్టినవాళ్ళం ఇద్దరం. తమ్ముడు ఆ కార్డు జేబులో పెట్టుకుని, తల దువ్వుకుని, నాతో మాట మాత్రమైనా చెప్పకుండా వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి మా మధ్య మాటల్లేవు. వాడు దుకాణమూ వదిలేశాడు. అట్టముక్క పంపి అన్నదమ్ముల్ని విడదీసిన ఘనత మీది. ఇప్పుడొచ్చి కొత్త పరిశోధనలో మాకు చేయూతనిస్తారట!

ముందు దీనికి జవాబు చెప్పండి.

ఇట్లు,
సీట్ల పెద్దాయన

తా.క.: ఉచితంగా ఇస్తామన్న నమూనా గుడ్డ మాత్రం పంపండి. కోపం వేరు, గుడ్డ వేరు.

—

గౌరవనీయులైన పెద్దాయన గారికి నమస్కారాలు.

ఆ కార్డు పంపేనాటికి నేనింకా పుట్టలేదండీ. అయినా సంస్థ తరఫున క్షమాపణ చెబుతున్నాను.

నమూనా పంపుతున్నాను. ఇది గుడ్డలా ఉంటుంది కానీ గుడ్డ కాదు. దీని మీద కూర్చున్న మనిషి బరువెంత, ఎటు ఒరిగాడు అన్నది ఇది కనిపెడుతుంది. వెంట ఉన్న డబ్బీని కరెంటుకి తగిలిస్తే ఆ సంగతులు మాకు చేరతాయి. రేపు ఆస్పత్రి పరుపులకీ, బండి సీట్లకీ ఇలాంటివే రాబోతున్నాయి. మా వాళ్ళకి ఈ పొర తయారు చేయడం వచ్చు, సీటులో కుట్టడం రాదు. మీలాంటి దుకాణాలకి ఈ పని ముందే చేతికి అలవాటు కావాలనే మా విభాగం పెట్టారు. ఏదైనా కుర్చీలో కుట్టి, రోజూ కూర్చుని చూడండి.

భవదీయురాలు,
విభాగం అధికారిణి

తా.క.: మీరు కుట్టిన కుర్చీలు హాల్లో ఇంకా ఉన్నాయి. ఈ నెలాఖరుకి తీసేసి ప్లాస్టిక్‌వి వేస్తారట. ఈ మాట మీకు చెప్పకూడదేమో.

—

అధికారిణి అమ్మాయికి పెద్దాయన రాయునది.

చెప్పకూడదంటూనే చెప్పావు, మంచి పని చేశావు. ప్లాస్టికా! మేం కుట్టిన సీటు ఒక్కటైనా పిగిలిందా, అడుగు మీ వాళ్ళని.

పొర అందింది. నా కుర్చీ విప్పితే నేనెక్కడ కూర్చోను? అందుకని మూలనున్న తమ్ముడి కుర్చీలో కుట్టాను. వాడు వెళ్ళాక దాంట్లో ఎవరూ కూర్చోలేదు. నేను కూర్చోనివ్వను. కాబట్టి మీ యంత్రానికి ఇక్కడ పనేమీ ఉండదు. హాయిగా పడుకోమను.

ఇట్లు,
సీట్ల పెద్దాయన

తా.క.: డబ్బీకి ఎర్ర దీపం వెలుగుతోంది. మీకు వినిపిస్తుందేమోనని మా ఇంటావిడ దాని ముందు నన్ను తిట్టడం మానేసింది. ఇలాంటివి ఇంకో రెండు పంపు, మేడ మీద ఇంట్లో కూడా పెడతాను.

—

గౌరవనీయులైన పెద్దాయన గారికి నమస్కారాలు.

ఎవరూ కూర్చోరంటూనే మీరు రోజూ కూర్చుంటున్నారు, సంతోషం! భోజనాల తర్వాత కాసేపు కునుకు తీస్తారు కాబోలు. మొదట్లో లెక్కలు గజిబిజిగా వచ్చాయి. మొన్న మీరు విప్పి మళ్ళీ కుట్టిన దగ్గర్నుంచి అద్దంలా ఉన్నాయి. మా శాస్త్రవేత్తలు మిమ్మల్ని తెగ మెచ్చుకుంటున్నారు. మీరు ఇంత సన్నగా ఉంటారని మాత్రం అనుకోలేదు. ఎప్పుడూ ఎడమకే ఒరుగుతున్నారు, నడుము జాగ్రత్త.

భవదీయురాలు,
విభాగం అధికారిణి

తా.క.: డబ్బీకి మాటలు వినిపించవు. ఆవిడని నిశ్చింతగా తిట్టుకోమనండి.

—

అమ్మాయికి రాయునది.

సన్నగానా? నేనా? నేను మెట్లెక్కుతుంటే పక్కింటివాళ్ళు దీపం పట్టుకుని బయటికొస్తారు, ఏం కూలిందోనని! మధ్యాహ్నం దుకాణానికి తాళం వేసి మేడ మీద పడుకుంటాను. ఆ కుర్చీ జోలికి వెళ్ళలేదు. మళ్ళీ కుట్టనూ లేదు. ఒకసారి కుట్టింది మళ్ళీ కుట్టే అలవాటు నా చేతికి లేదు. మీ యంత్రం అబద్ధాలకోరు. మా ఇంటావిడని అడిగితే 'ఎలుకేమో' అంది. ఎలుక ఎడమకి ఒరిగి కునుకు తీస్తుందా?

ఇట్లు,
సీట్ల పెద్దాయన

తా.క.: తిట్లు మళ్ళీ మొదలయ్యాయి. అంతా నీ పుణ్యమే.

—

గౌరవనీయులైన పెద్దాయన గారికి నమస్కారాలు.

ఎలుక కాదండీ, మనిషే. మా వాళ్ళు ఒట్టేసి చెబుతున్నారు. మీరు కుట్టినప్పుడు పొర ముడతలు పడింది. తర్వాత కుట్టినవారెవరో దాన్ని సాపుగా పరిచి, అంచులు మాత్రమే పట్టి కుట్టారు. నమ్మకపోతే సీటు తిరగేసి చూడండి. ఆయనెవరో తెలిస్తే చెప్పండి. ఆస్పత్రి పరుపుల పని ఆయనకే ఇద్దామంటున్నారు.

భవదీయురాలు,
విభాగం అధికారిణి

తా.క.: నొచ్చుకోకండి. మీ కుట్టు బలమైనదని అందరూ ఒప్పుకున్నారు. పొర ప్రాణం తీసేంత బలం అట.

—

అమ్మాయికి పెద్దాయన రాయునది.

సీటు తిరగేశాను. కుట్టు అటు నుంచి ఇటు వాలి ఉంది. ఎడమ చేతి కుట్టు. ఈ ఊళ్ళో ఎడమ చేత్తో అలా కుట్టేవాడు ఒక్కడే.

మర్నాడు మేడెక్కినట్టే ఎక్కి, చెప్పులు విప్పి, వెనక తలుపులోంచి దుకాణంలోకి దిగాను. తమ్ముడు ఆ కుర్చీలో ఎడమకి ఒరిగి కూర్చుని ఉన్నాడు. జుట్టంతా తెల్లబడింది. చేతిలో టీ.

"తాళం ఎవరిచ్చార్రా నీకు?"

"వదిన."

"ఎప్పట్నుంచి వస్తున్నావు?"

"నువ్వు మధ్యాహ్నాలు పడుకోవడం మొదలెట్టిన దగ్గర్నుంచి. అది సరే అన్నయ్యా, ఈ కుట్టేంటి? సూది పట్టుకున్నావా, గునపం పట్టుకున్నావా? చూడలేక విప్పేశాను."

నాకు ఒళ్ళు మండింది. "ఆ రోజు హాల్లో కుర్చీ మెత్తగా ఉందా దొరగారూ?" అని అడిగేశాను.

వాడు కప్పు కింద పెట్టాడు.

"లోపలికి వెళ్ళలేదు. గేటు దగ్గర నిలబడ్డాను. నువ్వు వెనకే వస్తావు, ఇద్దర్నీ పంపమని అడుగుదామని. జనమంతా బయటికొచ్చేసేదాకా నిలబడ్డాను. నువ్వు రాలేదు."

"మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేం?"

"నువ్వు అడగలేదుగా."

వాడి కప్పులో మిగిలిన టీ తాగేశాను. చల్లారిపోయింది, అయినా తాగాను.

ఇప్పుడు విను. ఆస్పత్రి పరుపుల పని చేస్తాం. పొర వాడు కుడతాడు, చుట్టూ బలంగా నేను కుడతాను. ఒప్పందం కాగితం ఇద్దరికీ కలిపి రాయి. ఒక్కడికి రాస్తే చించేస్తాను. ఇంకోటి. మేం కుట్టిన ఆ హాలు కుర్చీల్లో మేం ఇద్దరం ఇంతవరకు కూర్చోలేదు. మీరు వాటిని పీకేసేలోపు ముందు వరసలో, పక్కపక్కన కూర్చోవాలి. ఉపన్యాసాలూ దండలూ అక్కర్లేదు. కాసేపు కూర్చుని లేచొస్తాం. రెండు కార్డులు పంపు. శుక్రవారంలోగా జవాబు రావాలి. రాకపోతే శనివారం పొద్దున్నే మీ గేటు దగ్గర ఉంటాం, ఈసారి ఇద్దరం.

ఇట్లు,
సీట్ల అన్నదమ్ములు

తా.క.: మా ఇంటావిడ తనకీ ఓ కార్డు కావాలంటోంది. దుకాణం తాళం ఆవిడ చేతిలో ఉంది కాబట్టి మూడు పంపు. గడువు మాత్రం అదే, శుక్రవారం.