జగ్గయ్య బిళ్ళ నేనే వేశాను

సెక్టర్ 4, భిలాయ్,
తేది 12-12-1966.

వర్క్‌షాపు పర్సనల్ ఆఫీసరు శ్రీ వాసుదేవరావు గారి సముఖమునకు, టైమ్ కీపరు పూడి గురునాథరావు నమస్కరించి చేసుకొను మనవి.

అయ్యా,

విషయం: ఫిట్టరు జగ్గయ్య, హాజరు బిళ్ళ నంబరు 318, దొంగ హాజరు నేరము క్రింద సస్పెండు కాబడుట, సదరు నేరము అతనిది కాక నాది అగుట గురించి.

ఇంతవరకు తమకు పంపుకొన్న కాగితాలన్నీ నేను ఇంగ్లీషులో టైపు కొట్టించినవే. ఇంగ్లీషులో అబద్ధం కూడా కాస్త హుందాగా కనిపిస్తుంది. తమరూ శ్రీకాకుళం వైపు వారే కనుక ఇది తెలుగులో, నా చేత్తోనే రాస్తున్నాను. ఎల్లుండి జగ్గయ్య మీద ఆఖరు ఉత్తర్వు వేసేలోగా ఈ దిగువ సంగతులు చదవ ప్రార్థన.

1. నేను విజయనగరం మోటార్ రేసింగ్ టీమ్ యజమానినన్న సంగతి తమకు తెలియనిది కాదు. నేనే పదిసార్లు చెప్పి ఉంటాను. సదరు టీమ్ అనగా మిలిటరీ వేలంలో కొన్న పాత మోటార్ సైకిల్ ఒకటి, దానిని తోలు జగ్గయ్య ఒకడు, యజమానిగా నేను. ఇంతకు మించి అందులో ఏమీ లేదు.

2. కంకర లారీల మధ్య నుంచి జగ్గయ్య సైకిలు పోనిస్తున్న తీరు చూసి, వీడిలో పస ఉందని పట్టుకున్నది నేనే. దుర్గ్ కోర్టు దగ్గర స్టాంపు కాగితం మీద ఒప్పందం రాయించాను. అతడు ఇతరుల బండి ఎక్కరాదు. పందెం ముందు రోజు మిరపకాయ బజ్జీలు తినరాదు. రోజూ రెండు గుడ్లు నేను పెట్టవలెను. సెలవులు మొదలగు కాగితాల పని యావత్తూ యజమానిదే. ఈ ఆఖరి షరతు చదివి వినిపించగానే అతను నవ్వాడు. "కాయితాలంటే నాకు బయ్యం గురువుగారూ. అయ్యన్నీ మీరు సూసుకోండి, బండి నేను సూసుకుంటాను" అన్నాడు. అతను తన పని చేశాడు.

3. నవంబరు 28న శివనాథ్ నది ఒడ్డున మేళాలో పందెం. ఆరు రోజుల ముందే జగ్గయ్య సెలవు అర్జీ రాసి నా చేతికిచ్చాడు. నేను దానిని దాఖలు చేయలేదు. కారణం, అతనికి ఈ ఏడాది మిగిలినవి రెండే సెలవులు. ఈ నెలాఖరున జబల్పూరు పందేనికి ఆ రెండూ కావాలి. మేళాకు ఒకటి ఖర్చయితే జబల్పూరులో నా టీమ్ దిగదు. "సెలవు కాయితం ఇచ్చీసేరా?" అని అడిగితే, "అంతా అయిపోయింది, నువ్వు వెళ్ళు" అన్నాను.

పందెం నాటి ఉదయం షిఫ్టు గంట కొట్టగానే బోర్డు మీంచి అతని ఇత్తడి బిళ్ళ తీసి నేనే పెట్టెలో వేశాను. మధ్యాహ్నం రెండింటికి నేనే తీసి మళ్ళీ బోర్డుకు తగిలించాను. ఒకరి బిళ్ళ ఇంకొకరు వేయకుండా చూడడానికే కంపెనీ నన్ను అక్కడ కూర్చోబెట్టింది.

4. పై పనిలో ఉండుటచేత నేను ఆ పందెం చూడనే లేదు. మర్నాడు క్యాంటీనులో, ఆఖరి మలుపులో మా వాడు ఇద్దరిని ఎలా దాటాడో చేతులు తిప్పుతూ నేను అందరికీ చూపించినదంతా అతని నోట విన్నదే.

5. గెలిస్తే కప్పు మీద ఏమి చెక్కాలో మేళా వారికి ముందే రాసిచ్చాను. పెద్దక్షరాలతో యజమానిగా నా పేరు, కింద చిన్నక్షరాలతో జగ్గయ్య పేరు, ఆ కింద తేదీ. తేదీ ఉండి తీరాలని నేనే పట్టుబట్టాను. ఆ కప్పు తెచ్చి తమ టేబులు మీద పెట్టినదీ నేనే. తమరు మెచ్చుకుంటూ తిప్పి చూసి, తేదీ దగ్గర ఆగి, హాజరు పుస్తకం తెమ్మన్నారు. పుస్తకం తెచ్చినదీ నేనే.

6. ఏడో తేదీ విచారణలో బిళ్ళ ఎవరు వేశారని తమరు అడిగారు. జగ్గయ్యకు అప్పటికే అర్థమైపోయింది. నా వైపు ఒక్కసారి చూశాడు. నేను ఫ్యాను వైపు చూశాను. "నేనే ఒకడి సేత ఏయించేను సార్. పేరు సెప్పను" అన్నాడు. ఆ వాంగ్మూలం కింద సాక్షిగా నేను సంతకం పెట్టాను. అది తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తున్నది.

7. మొన్న జగ్గయ్య తల్లి పైడమ్మ మా ఇంటికి వచ్చింది. చరోదా యార్డులో పనిచేసిన భర్త పోయాక వాళ్ళకు రైల్వే క్వార్టరు పోయింది. ఇప్పుడుంటున్న గది కొడుకు ఉద్యోగంతో వచ్చినది. ఉద్యోగం పోతే అదీ పోతుంది. ఆమె గుమ్మంలోనే కూర్చుని, "ఏటి బాబూ, మావోడు దొంగబిళ్ళ ఏయించేడంతన్నారు. మీకు తెలీకుండా ఆడేటీ సెయ్యడు కదా. మీరే ఆఫీసరు బాబుకి సెప్పండి" అన్నది. నన్ను ఒక్క మాట అనలేదయ్యా. తిట్టినా బాగుండును.

నేను నోరు విప్పకుండానే నా భార్య కనకలతకు సంగతి తెలిసిపోయింది. పైడమ్మకు టీ ఇచ్చి లోపలికి వచ్చి, "మీరు చెప్తారా, నన్ను వెళ్ళి చెప్పమంటారా?" అని అడిగింది. ఆవిడ ముందు తలెత్తడానికి నాకు మొహం చెల్లలేదు.

కావున తమరు దయయుంచి జగ్గయ్యను పనిలోకి తీసుకొని, శిక్ష యావత్తూ నాకే వేయ ప్రార్థన. అతను రాసిన సెలవు అర్జీ ఇందుతో జతపరిచాను. చింపేద్దామని రెండుసార్లు జేబులోంచి తీసి మళ్ళీ పెట్టుకున్నదే ఇది, అందుకే అంత నలిగింది. ఒప్పందం కూడా జతపరిచాను. కాగితాల పని షరతు కింద గీత గీశాను.

ఇంతవరకు తమ ఎదుట పలికిన అబద్ధాన్ని మన్నించకపోయినా, ఈ నిజాన్ని చిత్తగించవలెను.

తమ విధేయుడు అనిపించుకునే అర్హత లేకపోయినా,
తమ విధేయుడు,
పూడి గురునాథరావు.

తా.క. ఈ నాలుగు ముక్కలూ తమ బంగళా గేటు దగ్గర బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. నిన్న జగ్గయ్య బండి తాళం తెచ్చి నాకిచ్చేశాడు. "రోజూ ఓపాలి ఇంజను స్టార్ట్ సెయ్యండి గురువుగారూ, నేకపోతే బిగుసుకుని పట్టీసుద్ది" అని చెప్పి వెళ్ళాడు. బండి వాడిదే, వాడికి ఇప్పించండి. అందుకే సెక్టర్ 4 నుంచి ఇక్కడి దాకా తోసుకుంటూ తెచ్చాను. గేటు కాపలావాడు నా చెమట చూసి, "పెట్రోల్ ఖతమ్ హో గయా క్యా, బాబూజీ?" అన్నాడు. పెట్రోలు నిండా ఉంది నాయనా, నాకు బండి నడపడం రాదు, అన్నాను. టీమ్ పెట్టిన మూడేళ్ళలో ఈ మాట ఒక మనిషితో అనడం ఇదే మొదలు. రెండో వారు తమరు.