మీ బావ పాత గొంతు

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవెనలు. ఇక్కడ మేం ముగ్గురం బాగానే ఉన్నాం. ఆ ఓడ మీద నువ్వూ వేళకి తిని, కంటినిండా నిద్రపోతున్నావనే అనుకుంటున్నాను. ఫోన్లో చెబుదామంటే మధ్యలో ఏడుపొస్తుంది. నీకేమో అక్కడ సిగ్నల్ దొరికేదే కాసేపు. అందుకే రాస్తున్నాను.

ముందు నువ్వడిగిన వాటికి జవాబులు. మీ బావ మెడ దగ్గర, స్వరపేటిక తీసేసిన ఆపరేషన్ గాయం పూర్తిగా మానింది. శుభ్రం చేసుకోవడం అంతా ఆయనే, నన్ను దగ్గరికి రానివ్వరు. డ్రైవింగ్ స్కూలు వాళ్లు మళ్లీ పిలిచారు. బండెక్కి నేర్పడం ఇక కుదరదు కదా, "బ్రేకు" అని టైప్ చేసేలోపు బండి గోడెక్కేస్తుంది. అందుకని గదిలో కూర్చోబెట్టి పాఠాలు చెబుతున్నారు. మీ మేనకోడలికి పై పన్ను ఊడింది. మామయ్య వచ్చేలోపు కొత్త పన్ను వచ్చేస్తే చూపించడానికి బోసి ఉండదని దాని దిగులు.

ఇక నువ్వు కింద గీత గీసి మరీ అడిగిన ప్రశ్న. అప్‌డేట్లు జాగ్రత్తగా చేస్తున్నావా అని.

చేస్తున్నాన్రా. అక్కర్లేనివన్నీ పీకేసి మీ బావ ల్యాప్‌టాప్‌లో నువ్వు సొంతంగా కట్టిన సిస్టం అలాగే ఉంది. ఆన్ చేస్తే ఖాళీ తెర, ఆయన టైప్ చేస్తే అది పలికే మాట, అంతే. బొమ్మల్లేవు, ఆటల్లేవు, గడియారం కూడా లేదు. దాని వెనక ఏ కంపెనీ లేదు కాబట్టి బాగోగులు మనమే చూసుకోవాలని, చూసుకోకపోతే నెట్‌లోంచి దొంగలు దూరతారని నువ్వన్న మాట మరిచిపోలేదు. నెలకోసారి కూర్చుంటాను. మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి కాపీ తీసుకున్నాకే మొదలుపెడతాను. రాళ్లేరినట్టు ఒక్కొక్కటీ చదివి "సరే" అంటాను.

ఆఖర్న అదొక ప్రశ్న అడుగుతుంది: "ఈ కింద ఉన్నవి ఇక దేనికీ అవసరం లేవు, తీసెయ్యమంటారా?" ఆ కింద ఉండేది మీ బావ గొంతు. ఆపరేషన్‌కి ముందు నువ్వు కిటికీలన్నీ మూసి, ఆయన చేత వాక్యం తర్వాత వాక్యం చదివించి తయారుచేసిన గొంతు. నీ చేత్తో విడిగా చేర్చినది కాబట్టి సిస్టంకి అది ఎవరి తాలూకో తెలియదు. నేను ప్రతిసారీ "వద్దు" అంటాను.

అయినా పోయింది. పోయిన నెల అప్‌డేట్ చేసిన మర్నాడు, పిల్ల బడికి బయల్దేరుతుంటే, మీ బావ టైప్ చేసిన మాట సిస్టంలో ముందే ఉన్న మిషన్ గొంతులో, ఎవరో ముక్కుతో పలికినట్టు వచ్చింది: "గొడుగు పట్టుకెళ్లు." పిల్ల పకపకా నవ్వింది. నా వేలే జారిందేమో అనుకుని కాపీలోంచి మళ్లీ పెట్టాను. ఆయన గొంతు ఆయనకొచ్చింది. వారం తిరక్కుండా మళ్లీ పోయింది. మళ్లీ పెట్టాను, మళ్లీ పోయింది. నువ్వే ఏదో తప్పు కట్టావని నిన్ను తిట్టుకున్నాను కూడా. ఆ పూట ఓడ మీద నీకు పొలమారి ఉంటుంది.

మొన్న ఆదివారం బట్టలు ఆరేసి లోపలికొచ్చేసరికి మీ బావ దాని ముందు కూర్చుని ఉన్నారు. అప్‌డేట్ తనే మొదలుపెట్టినట్టున్నారు, తెర మీద అదే ప్రశ్న. నేను చూస్తుండగానే "సరే" నొక్కారు.

"మీరా?" అన్నాను.

"నేనే" అంది ఆ ముక్కు గొంతు.

"ఎందుకండీ? వాడంత కష్టపడి చేస్తే..."

"వాడికి చెప్పకు. బాధపడతాడు."

"ముందు నాకు చెప్పండి."

చాలాసేపు టైప్ చేశారు. "నా గొంతుతో ఇంకెవరో మాట్లాడుతున్నట్టుంది. నేను కోప్పడినా అది కోప్పడదు. జోకేస్తే సంతాపసభలో చదివినట్టు చదువుతుంది. క్లాసులో నన్నెరిగిన వాళ్లు అది విని తల దించుకుంటారు. ఇదైతే మిషనని అందరికీ తెలుసు. అప్పుడు నా మొహం చూస్తారు."

"మరి నా సంగతి? నాకు మిగిలింది అదొక్కటే కదా!"

ఆయన మెల్లగా నొక్కారు. "నేను మిగల్లేదా?"

ఆ గొంతుకి బాధ తెలియదు కదా, "టికెట్ తీసుకున్నారా" అన్నట్టే అడిగింది. నేను బయటికి వెళ్లిపోయాను.

ఇంకా దాచడమెందుకు, చెప్పేస్తాను. ఆ కొత్త గొంతు వచ్చినప్పటి నుంచీ ఆయన మాట్లాడబోతే నేను లేచి వెళ్లిపోతున్నాను. ఊరికే కుళాయి తిప్పుతాను, గిన్నెలు చప్పుడు చేస్తాను. ఆయన క్లాసుకెళ్లాక మాత్రం తలుపేసుకుని, పెన్‌డ్రైవ్‌ని టీవీకి తగిలించి, అందులో నువ్వు దాచిన ఆయన వాక్యాలు వింటాను. "పాలు పొంగిపోయాయి", "రైలు సమయానికి వచ్చింది" లాంటివి, ఒకదానికొకటి పొంతన లేనివి. వింటూ మధ్యమధ్యలో "ఊఁ" కొడతాను కూడా. ఇంట్లో ఉన్న మనిషిని వదిలేసి, లేని మనిషితో కాపురం చేస్తున్నాన్రా.

నిన్న సాయంత్రం వంటింట్లో ఉన్నాను. "ఇదిగో, ఎక్కడున్నావ్?" అని పక్క గదిలోంచి పిలుపు. ఏదో ధ్యాసలో "ఆఁ, వస్తున్నా" అనేశాను. అన్నాక, పిలిచింది ఆ ముక్కు గొంతేనని తెలిసి గుమ్మంలోనే ఆగిపోయాను. ఆయన కళ్లు తుడుచుకుంటున్నారు.

"నీకంత ఇదైతే ఇంట్లో పాతదే పెట్టు. క్లాసుకి ఇది తీసుకెళ్తాను" అని వినిపించారు.

పక్కన కూర్చున్నాను. "వద్దులెండి" అన్నాను.

నీకు చెప్పొద్దన్నారు, చెప్పేశాను. నీ కష్టం వృథా అనుకోకు. ఆ పెన్‌డ్రైవ్ చెరపను. అందులోంచి ఆ గొంతుని మళ్లీ సిస్టంలో పెట్టకూడదనే అనుకుంటున్నాను. కానీ నిన్న ఆ "వద్దులెండి" నోరు దాటేటప్పుడు, ఎవరినో రైలెక్కించి, అది కదలకముందే వెనక్కి తిరిగి వచ్చేస్తున్నట్టు అనిపించిందిరా. ఇంకా అలాగే ఉంది.

ఇట్లు,
నీ అక్క