ఖాళీ గడి

ఫిబ్రవరి 3

రిస్తెన్‌కు,

నిన్న బెలూను పరిశోధనవాళ్లు వచ్చారు. మన జింకల శీతాకాలపు మేతనేల పైన, ఇరవై కిలోమీటర్ల ఎత్తున సుద్దపొడి చల్లుతారట. ఎండవేడి తగ్గుతుందేమో చూస్తారట. "మమ్మల్ని అడగరా?" అన్నాను. "ఇక్కడ రెయిన్‌డీర్లు ఎవరికీ లేవుగా, పెద్దాయనా!" అని కాగితం చూపించారు. దాని కింద నీ సంతకం ఉంది. మన ఇంట్లో మొదట చదువుకున్నదానివి నువ్వే. ఇందుకేనా చదివించింది?

మీ నాన్న, యొవ్నా

ఫిబ్రవరి 9

ప్రియమైన నాన్నకు,

ఆ సర్వే నేనే చేశాను. ఎవరికెన్ని జింకలున్నాయనే గడి మాత్రం నింపలేదు. తొమ్మిదేళ్లప్పుడు పక్కింటి మామని ఆ మాట అడిగినందుకు, "ఇంకొకరి జేబులో చెయ్యి పెడతావా?" అని నన్ను మంచులో నిలబెట్టారు, గుర్తుందా? అందుకే ఎవరినీ అడగలేదు. ఆఫీసులో ఖాళీని సున్నా చేశారు. నిలదీస్తే మా అధికారి, "లోకం ఉడికిపోతుంటే నీకు గడుల గొడవేంటమ్మా" అని నవ్వాడు. ఒళ్లు మండిపోయింది. ఇరవయ్యో తేదీన ఈ బెలూను మీద విచారణ. మీ లెక్క చెప్పండి, వాళ్ల ముఖాన కొడతాను. నాకంటూ ఒక్క జింక ఉన్నా మిమ్మల్ని అడిగేదాన్ని కాదు.

నా మీద నాకే కోపంతో,
రిస్తెన్

ఫిబ్రవరి 14

రిస్తెన్‌కు,

నా లెక్క చెప్పను. చచ్చినా చెప్పను.

చలి పెరిగితే నాకు చేదా? నాలుగేళ్లుగా మంచు మీద వాన పడి రాయిలా గడ్డకడుతోంది. కింది నాచు అందక జింకలు గిట్టలు అరగదీసుకుంటున్నాయి. నా కోపం పొడి మీద కాదు. రేపు చల్లడం మధ్యలో ఆపేస్తే ఆగిన వేడంతా ఒక్కసారే మీద పడుతుందట. అప్పుడైనా అడుగుతారా? పొగ వాళ్లది, పొడి వాళ్లది, నెత్తి మాత్రం మనది.

ఇంకొకటి. నువ్వు పట్నం వెళ్లిన ఆరేళ్లలోనూ, ప్రతి వేసవీ కొన్ని దూడలకు, ఎవరి సొత్తో తెలిపే చెవిగుర్తు, నా బదులు నీదే కోశాను. ముప్పై ఒకటి ఉన్నాయి. నీ చేత్తో నువ్వే వాటిని సున్నా చేశావు. వాటి లెక్క చెప్పే హక్కు నీది.

నాన్న

ఫిబ్రవరి 21

ప్రియమైన నాన్నకు,

నిన్న విచారణలో చెప్పాను. "ముప్పై ఒకటి. నావి."

అధ్యక్షుడు కలం ఆపి, "మరి మీ నాన్నగారివి?" అన్నాడు.

"మీ జీతమెంతండీ?" అన్నాను.

"అది అడగకూడదు కదమ్మా."

"మాకూ అంతే."

వెనక బెంచీల్లో మనవాళ్లు పగలబడి నవ్వారు. నాకు నవ్వు రాలేదు. అందరినీ అడిగేదాకా బెలూను ఎగరదట. అడిగాక వద్దంటే ఏం చేస్తారన్నాను. అధ్యక్షుడు కాగితాలు సర్దుకుని లేచాడు. మా అధికారి నన్ను రేపటినుంచి రావద్దన్నాడు.

ఈ వేసవి నా దూడల చెవులు మీరు కోయకండి. నా కత్తి పదును పెట్టి ఉంచండి.

మీ రిస్తెన్