ఆ కంపెనీలో నా వంతు

మార్చి 5, బుధవారం

అల్ఫియా ఈ రోజు నన్ను దాదాపు ఒప్పించింది. జగిత్యాల ల్యాబ్‌లో మేమిద్దరం పక్కపక్కనే కూర్చుని రక్తపు శాంపిళ్లు చూస్తాం. తను నాలుగేళ్లుగా షేర్లు కొంటోంది. నా మూడు లక్షలు బ్యాంకులో ఊరికే పడి ఉన్నాయట. ఒక పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీ పేరు చెప్పింది. నేను పుట్టకముందు నుంచి ఉన్న కంపెనీ.

ఎనిమిదేళ్ల జీతంలో మిగిలిన డబ్బు అది. ఐదేళ్లలో కోరుట్లలో సొంత ల్యాబ్ పెట్టాలని దాచాను. పోతే మళ్లీ కూడబెట్టే ఓపిక లేదు.

మార్చి 9, ఆదివారం

మస్కట్ నుంచి మా ఆయన సురేందర్ ఫోన్. షేర్లు వద్దన్నాడు, మెట్‌పల్లి రోడ్డులో ప్లాట్ చూడమన్నాడు. "కండ్లకు కనవడేది కొను అనూషా. పోయి నిలవడితే గిది మనది అనాలె."

పదకొండేళ్లుగా పరాయి ఇళ్లకు టైల్స్ వేస్తున్న మనిషి. కోపం రాలేదు.

మార్చి 20, గురువారం, బస్సులో

ఆ కంపెనీ యాన్యువల్ రిపోర్ట్ మూడు వందల పేజీలు. జగిత్యాల చేరేలోపు పది పేజీలు అవుతున్నాయి. అప్పు లేదు. నష్టం వచ్చిన ఏడాది లేదు. కొందరు కస్టమర్లు పాతికేళ్లుగా వీళ్లనే నమ్ముకున్నారు. ఒక్క రిపోర్ట్ తప్పుగా ఇస్తే పేషెంట్ మళ్లీ మా ల్యాబ్ మెట్లెక్కడు. పాతికేళ్లంటే ఏమిటో నాకు తెలుసు.

మరి షేరు రేటు ఎందుకు పడుతోంది? అందరూ ఏఐ వల్లే అంటున్నారు.

ఏప్రిల్ 13, ఆదివారం, సాయంత్రం

సిరిసిల్ల వెళ్లొచ్చాను. అల్ఫియా వాళ్ల అన్న యాసర్ ఆ కంపెనీలోనే పదహారేళ్లుగా పనిచేస్తున్నాడని తెలిసి, కలిపించమని నేనే అడిగాను. రెండుసార్లు వాయిదా వేసి ఈ రోజు తీసుకెళ్లింది. గుమ్మం దగ్గర చెప్పింది, జనవరిలో ఆయన్ని తీసేశారని.

ఒళ్లు మండింది. ఇది దాచి నన్ను కొనమన్నావా అని అడిగాను. "అన్న నౌకరీ పోయింది అక్కా, కంపెనీ మునగలే. ముందే చెప్తే నువ్వు లెక్కలు చూడకుంటనే భయపడుతవనుకున్న" అంది.

యాసర్ భాయ్ మూడు గంటలు కూర్చుని చెప్పాడు. "సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నా పని. పదిమందిమి వారం రోజులు చేసేది గిప్పుడు మిషిన్ ఒక్క పూటల చేస్తది." ఏ కస్టమర్లు వదిలిపోరో, ఎందుకో కాగితం మీద గీసి చూపించాడు. వాళ్ల అబ్బాకు గుండె ఆపరేషన్ అయినప్పుడు మేనేజర్ రెండు నెలలు ఇంటి నుంచే పని చేసుకోమన్నాడట. తనకు పని నేర్పింది కూడా వాళ్లేనట. ఆయన గొంతులో చేదు కోసం వెతికాను. లేదు. చేతులు మాత్రం పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉన్నాయి.

ఇలాంటి మనుషులను తయారు చేసిన చోటు ఎలా ఉంటుందో అనిపించింది. ఇలాంటి మనిషిని ఎలా వదులుకుందో అని కూడా.

కొననా అన్నాను. ఉన్నదంతా పెట్టొద్దన్నాడు. పెట్టాక రోజూ రేటు చూడొద్దన్నాడు.

వాళ్లమ్మ లతీఫున్నీసా చాయ్ ఇచ్చి నా పక్కనే కూర్చుంది. కొంటే నువ్వు మాలిక్‌వి అయితవా బిడ్డా అని అడిగింది. యజమానినే, కానీ చాలా చిన్న భాగానికి అన్నాను.

"మాలిక్‌వైతే అడగొచ్చు గద, మావోన్ని ఎందుకు తీసేసిండ్రని."

యాసర్ భాయ్ తను గీసిన కాగితం మడిచి నా చేతికిచ్చాడు.

ఏప్రిల్ 14

మార్కెట్‌కి సెలవు. ఏమీ తేల్చుకోలేదు.

ఏప్రిల్ 22, మంగళవారం

కొన్నాను. లక్షన్నర పెట్టాను, మిగతాది డిపాజిట్‌లోనే. సురేందర్‌కి ఫోన్‌లో చెప్పాను. ఆ కంపెనీ అసలు ఏం చేస్తుందో మొదటి నుంచి చెప్పమన్నాడు. నలభై నిమిషాలు చెప్పాను. నా మాట ఇంత ఓపికగా ఎప్పుడూ వినలేదు.

జూన్ 19, గురువారం, లంచ్ టైమ్

కంపెనీ ఏజీఎం, అంటే వాటాదారుల ఏడాది మీటింగ్, వీడియోలో. ప్రశ్న అడుగుతానని స్పీకర్‌గా ముందే పేరిచ్చాను. ఎవరూ పిలవరనుకున్నాను, పిలిచారు. పదిహేనేళ్లు చేసినవాళ్లను తీసేసే ముందు ఎంతమందికి కొత్త పని నేర్పారని అడిగాను. నా ఇంగ్లీష్ రెండుచోట్ల తడబడింది. చైర్మన్ ఆగి విన్నాడు. లెక్క పంపుతామన్నాడు. అల్ఫియా నా చెయ్యి పట్టుకునే ఉంది.

జూలై 3

మెయిల్ వచ్చింది. తీసేసినవాళ్లలో వందకి ఇరవై మందికే కొత్త పని నేర్పారట. తక్కువే, కానీ దాచలేదు.

లతీఫున్నీసా అమ్మ ఒక షేరు కొంది. ఒక్కటే. వచ్చే ఏడు ఏజీఎంలో తనే మాట్లాడుతుందట, ఉర్దూలో.